కోలార్ బంగారు గనులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కోలార్ బంగారు గనుల మాటెత్తితే ముందుగా వచ్చే ప్రశ్న "ఎంత బంగారం తీశారు?" అనే. ఆ లెక్క కింద చెప్తాను. కానీ ఈ గనుల గురించి చదివిన కొద్దీ నాకు బలంగా అనిపించింది ఇంకొకటి. అక్కడి చరిత్రంతా ఒక సన్నటి పలుగురాయి చారలో రాసి ఉంది. ఆ చార ఎంత మందం, ఎంత ఏటవాలు, ఎంత లోతు అన్నదాన్ని బట్టే అక్కడికి కరెంటు వచ్చింది, జనం వచ్చారు, ప్రాణాలు పోయాయి, చివరికి గని మూతపడింది. అందుకే ఇక్కడి జవాబుల్లో రాయి గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

కేజీఎఫ్ (కోలార్ గోల్డ్ ఫీల్డ్స్) సరిగ్గా ఎక్కడుంది? కోలార్ పట్నం, కేజీఎఫ్ ఒకటేనా?

ఒకటి కాదు. కోలార్ జిల్లా కేంద్రం వేరు. గనులున్నది అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, బెంగళూరుకు తూర్పున దాదాపు 100 కిలోమీటర్ల దూరంలో. కుప్పం వైపు వాళ్లకు పక్క ఊరి కిందే లెక్క. రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట, ఊరుగాం, చాంపియన్ రీఫ్స్, మరికుప్పం, కోరమాండల్, ఇలా గనుల చుట్టూ పెరిగిన ఊళ్లన్నీ కలిపి కేజీఎఫ్ అంటారు. రైల్లో వెళ్లేవాళ్లు బంగారపేట జంక్షన్లో మారాలి. ఆ ఊరి పాత పేరు బౌరింగ్‌పేట. అక్కడి నుంచి గనులకు 1894లోనే బ్రాంచి లైను వేశారు.

బంగారం అక్కడే ఎందుకు పడింది?

దక్షిణ భారతంలో ఎక్కువ భాగం గ్రానైటు, నీస్ లాంటి లేత రంగు రాళ్లే. వాటి మధ్యలో అక్కడక్కడా నల్లటి, ఆకుపచ్చని రాళ్ల పట్టీలు ఉంటాయి. భూగర్భ శాస్త్రవేత్తలు వీటిని శిస్ట్ పట్టీలంటారు. కోలార్ పట్టీ ఉత్తరం నుంచి దక్షిణానికి సుమారు 80 కిలోమీటర్ల పొడవుంటుంది. వెడల్పు మాత్రం చాలాచోట్ల నాలుగైదు కిలోమీటర్లే. ఇందులో ముఖ్యమైన రాయి ఒకప్పటి లావా. దాదాపు 270 కోట్ల ఏళ్ల కిందట బయటికి పొంగి, గడ్డకట్టి, తర్వాత భూమి ఒత్తిడికీ వేడికీ మారిపోయి ఆంఫిబొలైట్ అనే గట్టి నల్లరాయి అయింది.

పట్టీకి రెండు వైపులా ఉన్న నీస్ రాళ్ల వయసులు, పుట్టుక ఒకటి కాదు. వేరువేరుగా పుట్టిన రెండు భూఖండపు ముక్కలు సుమారు 250 కోట్ల ఏళ్ల కిందట వచ్చి ఒకదానికొకటి అతుక్కున్నాయనీ, ఆ అతుకు మీదే కోలార్ పట్టీ ఉందనీ పరిశోధకులు వివరించారు. అలాంటి అతుకుల దగ్గర రాళ్లు నలుగుతాయి, చీలుతాయి. చాలా లోతు నుంచి వేడి నీళ్లు ఆ చీలికల్లోంచి పైకి వస్తాయి. ఆ నీళ్లు సిలికాను, గంధకాన్ని, అతి కొద్దిగా బంగారాన్ని కరిగించుకుని తెస్తాయి. దారిలో ఒత్తిడి తగ్గినప్పుడు, లేదా ఇనుము ఎక్కువగా ఉన్న నల్లరాయి తగిలినప్పుడు, మోసుకొచ్చిన సరుకంతా అక్కడే వదిలేస్తాయి. సిలికా పలుగురాయిగా గడ్డకడుతుంది, బంగారం అందులో చిక్కుకుంటుంది. ఇది ఒక్క రోజులోనో ఒక్క పొంగుతోనో జరిగే పని కాదు. చీలిక తెరుచుకోవడం, పూడుకుపోవడం, మళ్లీ చీలడం ఎన్నో సార్లు జరిగితే తప్ప ఒక మంచి లోడు, అంటే బంగారమున్న రాతి పలక, తయారవదు.

ఆస్ట్రేలియాలోని కల్గూర్లీ, కెనడాలోని టిమిన్స్ ప్రాంతాల బంగారమూ ఈ కుటుంబానికి చెందినదే.

లోడు, రీఫ్, చాంపియన్ రీఫ్ అంటే ఏమిటి?

రాతి చీలికలో పేరుకున్న ఖనిజపు పలకనే లోడు అనీ, రీఫ్ అనీ అంటారు. గోడలో నిలువుగా దూర్చిన అట్టముక్కను ఊహించుకోండి. గోడ నల్లరాయి, అట్టముక్క పలుగురాయి. పైనుంచి చూస్తే అది సన్నటి గీతలా ఉంటుంది, లోపలికి మాత్రం చాలా దూరం వెళ్తుంది.

కోలార్‌లో ఇలాంటి లోడులు చాలానే ఉన్నాయి. అన్నింటిలో గొప్పది చాంపియన్ లోడు. దాని వెంట సుమారు 8 కిలోమీటర్ల పొడవునా గనులు వెలిశాయి. పడమటి వైపుకు నిట్టవాలుగా దిగి, లోతుకు పోయేకొద్దీ దాదాపు నిలువుగా మారుతుంది. మందం చూస్తే ఆశ్చర్యమేస్తుంది. చాలాచోట్ల మీటరు అటూ ఇటూ, అంతే! ప్రపంచమంతా మాట్లాడుకున్న గని నిలబడింది మనిషి చేతులు చాస్తే అందే మందం మీద.

ఆ మీటరు పలకంతా ఒకే రకంగా బంగారం ఉండదు కూడా. బంగారం కొన్ని పట్టీలుగా చిక్కబడి ఉంటుంది. వీటిని గనివాళ్లు ఓర్ షూట్ అంటారు. కోలార్‌లో ఇవి ఉత్తరం వైపుకు వాలుతూ లోతుకు దిగాయి. లోడు మడతలు పడినచోట పలుగురాయి మందంగా పేరుకుని, చిన్న జాగాలోనే బోలెడంత ఖనిజం దొరికేది. మడత దాటితే ఖాళీ. కాబట్టి లోడు కనిపించగానే పని అయిపోయినట్టు కాదు, షూట్ ఎటు వాలిందో పసిగట్టాలి. గని భూగర్భ శాస్త్రవేత్త అసలు పనితనం అక్కడే.

బంగారమంతా పలుగురాయిలోనే ఉందా?

లేదు, రెండు రకాలుంది. తూర్పు వైపు చాంపియన్ లాంటి పలుగురాయి లోడుల్లో బంగారం విడిగా, స్వచ్ఛమైన రేణువులుగా ఉంటుంది. రాయిని పొడి చేస్తే చాలా భాగం తేలిగ్గా విడిపోతుంది. పడమటి వైపు ఓరియంటల్ లోడు, మెక్‌టాగర్ట్ వెస్ట్ లాంటివి సల్ఫైడు లోడులు. అక్కడ బంగారం పైరోటైట్, ఆర్సెనోపైరైట్ లాంటి గంధకపు ఖనిజాలతో కలిసి, ఇనుప చారల రాళ్ల పక్కన ఉంటుంది. దాన్ని వేరు చేయడం కష్టం, టన్నుకు దొరికేదీ తక్కువే. అందుకే మొదటి తరాలు తూర్పు లోడు వెంటే పడ్డాయి. అది పలచబడ్డాక పడమటి లోడుల మీద ఆశ పెట్టుకోవాల్సి వచ్చింది.

బంగారంతో పాటు షీలైట్ అనే టంగ్‌స్టన్ ఖనిజం కూడా ఇక్కడ కొద్దిగా దొరికింది.

మొత్తం ఎంత బంగారం తీశారు? టన్ను రాయికి ఎంత వచ్చేది?

1880 నుంచి 2001 దాకా సుమారు 800 టన్నులు. దాని కోసం మిల్లులో ఆడించిన ఖనిజం దాదాపు 5 కోట్ల 10 లక్షల టన్నులు. భాగిస్తే సగటున టన్నుకు 15, 16 గ్రాములు. అంటే ఒక గ్రాము బంగారం కోసం అరవై కిలోల పైగా రాయి పగలగొట్టాలి. ఇది కూడా ఆ మొత్తం కాలానికి సగటు మాత్రమే. తొలి రోజుల్లో టన్నుకు ఔన్సు (సుమారు 31 గ్రాములు) దాటి వచ్చిన ఖనిజం ఉంది. చివరి ఏళ్లకు అది 4 గ్రాముల లోపుకు పడిపోయింది. అప్పుడు అదే గ్రాము కోసం పావు టన్ను రాయిని, అదీ మరింత లోతు నుంచి, పైకి తేవాలి.

ఉత్పత్తి పతాక స్థాయికి చేరింది 1905లో. ఆ ఒక్క ఏడాదే 19 టన్నులకు పైగా వచ్చింది. తర్వాత మళ్లీ ఆ అంకెను అందుకోలేదు.

కోలార్ బంగారాన్ని కనిపెట్టింది బ్రిటిష్ వాళ్లేనా?

కాదు. ఈ ప్రశ్నకు జవాబు గట్టిగా చెప్పాల్సిందే. కంపెనీలు వచ్చేనాటికే అక్కడ పాత గుంతలు, పాత సొరంగాలు వందల అడుగుల దాకా దిగి ఉన్నాయి. వాటిలో దొరికిన కొయ్య ముక్కలకు కార్బన్ పద్ధతిలో వయసు కడితే పదిహేను వందల ఏళ్ల నాటివని తేలింది. రాయిని మంటపెట్టి కాల్చి, ఒక్కసారిగా నీళ్లు చల్లి పగలగొట్టడం ఆనాటి పద్ధతి. పేలుడు మందు లేదు, పంపు లేదు. అయినా పలుగురాయి చార వెంట అంత లోతుకు దిగారంటే వాళ్ల కంటికి, చేతికి ఎంత నేర్పు ఉండి ఉంటుంది! వాళ్ల పేర్లు మనకు మిగల్లేదు.

రాతపూర్వకంగా మొదట వివరాలిచ్చింది లెఫ్టినెంట్ జాన్ వారెన్. టిప్పు సుల్తాన్ పతనం తర్వాత మైసూరు తూర్పు సరిహద్దును సర్వే చేయడానికి 1802లో వచ్చాడు. ఇక్కడ బంగారం దొరుకుతుందన్న మాట చెవిన పడి, చూపిస్తే బహుమతి ఇస్తానని ప్రకటించాడు. ఊరుగాం దగ్గరి పల్లె జనం మట్టిని బండ్ల మీద తెచ్చి, అతని కళ్లెదుటే నీళ్లలో గాలించి, అడుగున మిగిలిన బంగారు రేణువులు చూపించారు. మరికుప్పం దగ్గర గుంతల్లోకి దిగి రాయి తీసి, దంచి, కడిగే వాళ్లనూ చూసి రాసుకున్నాడు. అంటే తెలిసినవాళ్లు స్థానికులే, రాసుకున్నవాడు వారెన్.

మరి కంపెనీలు ఎలా వచ్చాయి?

మైఖేల్ ఫిట్జెరాల్డ్ లావెల్ అనే ఐరిష్ మాజీ సైనికుడు న్యూజిలాండ్ యుద్ధాల నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడ్డాడు. వారెన్ పాత నివేదిక చదివి, 1875లో మైసూరు ప్రభుత్వం నుంచి తవ్వకానికి అనుమతి సంపాదించాడు. ఊరుగాం దగ్గర ఒక షాఫ్ట్, అంటే గనిలోకి దిగే బావి, దింపాడు. కానీ గని నడపడం ఒంటరి మనిషి పని కాదు. రెండేళ్లు తిరిగేసరికి హక్కులు వేరేవాళ్లకు ఇచ్చేశాడు.

1880లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ అండ్ సన్స్ రంగంలోకి దిగింది. మైసూర్ గోల్డ్ మైనింగ్ కంపెనీ పెట్టారు. మొదటి రెండు మూడేళ్లు డబ్బు నీళ్లలా ఖర్చయింది, లాభం కనిపించలేదు. వాటాదారులు విసిగిపోయి కట్టిపెడదామనే దాకా వచ్చారు. ఉన్న కాస్త డబ్బుతో ఆఖరి ప్రయత్నంగా, 1883 ప్రాంతంలో కెప్టెన్ ప్లమ్మర్ ఒక పాత గుంత అడుగుకు దిగి, పూర్వీకులు ఎక్కడ ఆపారో అక్కడి నుంచి మొదలుపెట్టాడు. చాంపియన్ లోడు అక్కడే దొరికింది. పాత గుంత లేకపోతే కొత్త గని లేదు. నాకు ఈ ఘట్టం చాలా ఇష్టం.

ఆ తర్వాత చాంపియన్ రీఫ్, ఊరుగాం, నందిదుర్గ్, బాలాఘాట్ గనులు వరసగా నిలబడ్డాయి.

గనులు ఎంత లోతు? కిందికి ఎలా దిగేవారు?

చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగింది. ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటిగా దాన్ని చెప్పుకునేవారు.

అప్పట్లో ఒకే బావిలో అంత లోతుకు దిగడం కుదిరేది కాదు. తాడు బరువే తాడును తెంపేస్తుంది. గిఫర్డ్ షాఫ్ట్ పైనుంచి దాదాపు 2 కిలోమీటర్లు నిలువుగా దిగుతుంది. అప్పట్లో ఒకే దింపుతో అంత లోతు వెళ్లడం గొప్ప విషయం. అక్కడ పంజరం (మనుషుల్ని దింపే లిఫ్టు) దిగి, అడ్డంగా సొరంగంలో వెళ్లి, భూమి లోపలే కట్టిన రెండో షాఫ్ట్‌లో మళ్లీ దిగాలి. ఒక షిఫ్టు కార్మికుడికి పని చోటికి చేరడానికే చాలా సమయం పట్టేది.

అంత లోతులో వేడి ఎంత ఉండేది?

అట్టడుగున రాయి 60 డిగ్రీల సెల్సియస్ దాటి ఉండేది. చేయి పెడితే చురుక్కుమనేంత వేడి. అదనంగా తేమ. పెద్ద ఫ్యాన్లతో గాలి తోలడం, యంత్రాలతో గాలిని చల్లబరిచి కిందికి పంపడం తప్పనిసరి అయింది.

అయితే ఒక విషయం గమనించాలి. కోలార్‌లో లోతుకు పోయేకొద్దీ వేడి పెరిగే వేగం నిజానికి తక్కువ. చాలా ప్రాంతాల్లో కిలోమీటరుకు 25, 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇక్కడ అందులో సగం మాత్రమే. దక్కన్ అడుగున ఉన్నది చాలా పాత, చల్లారిన, స్థిరమైన రాయి కావడం వల్ల ఇలా ఉంటుంది. ఆ చల్లదనం లేకపోతే రెండు కిలోమీటర్లు దిగకముందే గని ఆపేయాల్సి వచ్చేది.

రాక్ బరస్ట్ అంటే ఏమిటి? కోలార్‌లో ఎందుకంత భయపడేవారు?

మూడు కిలోమీటర్ల లోతులో ప్రతి చదరపు మీటరు మీద 8 వేల టన్నులకు పైగా రాతి బరువు ఉంటుంది. తవ్వనంత కాలం ఆ బరువు అన్ని వైపులా సర్దుకుని ఉంటుంది. లోడును తవ్వి తీసేస్తే అక్కడ ఒక ఖాళీ మిగులుతుంది. దాన్ని స్టోప్ అంటారు. ఆ ఖాళీ మోయని బరువంతా పక్క రాయి మీద పడుతుంది. మెత్తటి రాయి అయితే మెల్లగా వంగి సర్దుకుంటుంది. కోలార్ నల్లరాయి అలాంటిది కాదు. చాలా గట్టిది, పెళుసుది. ఓర్చుకున్నంత సేపు ఓర్చుకుని, ఒక్కసారిగా బాంబులా పేలిపోతుంది. అదే రాక్ బరస్ట్.

చిన్నవైతే గోడ నుంచి పెచ్చులు ఎగురుతాయి. పెద్దవైతే సొరంగం మొత్తం మూసుకుపోతుంది. కొన్ని పేలుళ్లు ఊళ్లో ఇళ్లను కదిపి గోడలకు పగుళ్లు తెచ్చేవి. ఇంట్లో ఉన్నవాళ్లకు ఆ అదురు రాగానే టెన్షన్. షిఫ్టులో ఉన్న మనిషి ఏ లెవల్లో ఉన్నాడో, ఎలా ఉన్నాడో తెలిసేదాకా గని గేటు దగ్గర నిలబడటమే. పాత భ్రంశాలు (రాయి విరిగి జారిన చోట్లు), డోలరైట్ అనే నల్లరాతి అడ్డుగోడలు లోడును కోసే చోట ప్రమాదం మరీ ఎక్కువ.

దీన్ని తట్టుకోవడానికి ఎన్నో మార్గాలు వెతికారు. మొదట్లో స్తంభాలుగా కొంత ఖనిజాన్ని వదిలేసేవారు. కానీ బరువంతా ఆ స్తంభాల మీదే పడి అవే పేలేవి. తర్వాత ఖాళీ అయిన స్టోపులను గ్రానైటు రాళ్లు పేర్చి నింపారు. ఆ తర్వాత కాంక్రీటుతో నింపుతూ, ఏ భాగం ముందు తవ్వాలో ఏది తర్వాతో వరస మార్చారు. 1970ల చివర్లో భూకంప గ్రాహకాల వలయం ఏర్పాటు చేసి, ఏ మూల రాయి చప్పుడు చేస్తోందో పైనుంచే వినడం మొదలైంది. 1988లో జాతీయ శిలా యాంత్రిక శాస్త్ర సంస్థను కేజీఎఫ్‌లోనే పెట్టారు. మన దేశంలో డ్యాములకీ సొరంగాలకీ పనికొచ్చే రాతి విజ్ఞానంలో మంచి భాగం ఈ గనిలో, చాలామంది ప్రాణాల ఖరీదుతో నేర్చుకున్నది.

రాయిలోంచి బంగారం ఎలా తీసేవారు?

ముందు రాయిని స్టాంపు మిల్లులో దంచేవారు. రోకళ్లలాంటి ఇనుప దిమ్మలు పైకి లేచి పడుతుంటే రాయి ఇసుకవుతుంది. ఆ ఇసుకను నీళ్లతో కలిపి పాదరసం పూసిన రాగి పలకల మీద, ముతక గుడ్డ పరిచిన వాలు బల్లల మీద పారించేవారు. బరువైన బంగారం అక్కడే ఆగుతుంది. ఆగకుండా పోయిన సన్నటి బంగారం కోసం మిగిలిన ఇసుకను సైనైడ్ ద్రావణంలో నానబెట్టేవారు. సైనైడ్ బంగారాన్ని కరిగిస్తుంది. ఆ ద్రావణం నుంచి జింకుతో బంగారాన్ని తిరిగి రాబట్టి కరిగించి కడ్డీలు పోస్తారు.

బెంగళూరు కంటే ముందే అక్కడ కరెంటు వచ్చిందంటారు, నిజమేనా?

నిజమే. గని లోతు పెరిగేకొద్దీ ఆవిరి యంత్రాలకు కట్టెలు, బొగ్గు చాలలేదు. కావేరి నది మీద శివసముద్రం దగ్గర జలవిద్యుత్ కేంద్రం కట్టారు. దివాన్ కె. శేషాద్రి అయ్యర్ పట్టుదల, ఇంజనీరు జోలీ ద లోత్బినియేర్ రూపకల్పన దీని వెనక ఉన్నాయి. 1902 జూన్ 30న అక్కడి నుంచి సుమారు 147 కిలోమీటర్ల తీగల మీద కేజీఎఫ్‌కు కరెంటు చేరింది. అప్పటికి ప్రపంచంలోని పొడవైన విద్యుత్ లైన్లలో అదొకటి. బెంగళూరు వీధి దీపాలు వెలిగింది 1905లో.

నీళ్లు పాలార్ నది మీది బేతమంగళ చెరువు నుంచి వచ్చేవి.

గనుల్లో పనిచేసింది ఎవరు?

అట్టడుగున పని చేసినవాళ్లలో అధికులు తమిళ దళితులు. ఉత్తర ఆర్కాటు, సేలం ప్రాంతాల నుంచి వచ్చారు. అప్పటి ఉత్తర ఆర్కాటులో చిత్తూరు కూడా భాగమే. చిత్తూరు జిల్లా విడిగా ఏర్పడింది 1911లో. కాబట్టి ఆ వలసలో తెలుగువాళ్లూ ఉన్నారు. కేజీఎఫ్ వీధుల్లో తమిళం, తెలుగు, కన్నడం కలిసి వినిపించడానికి మూలం అదే. పైస్థాయిలో బ్రిటిష్ ఇంజనీర్లు, ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన తగరం గనుల అనుభవజ్ఞులు, ఇటలీ మేస్త్రీలు, ఆంగ్లో ఇండియన్లు ఉండేవారు. కాపలా పని పంజాబీలది.

దొరల బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూసి ఈ ఊరికి లిటిల్ ఇంగ్లండ్ అని పేరు వచ్చింది. కార్మికులు మాత్రం తడికెల గుడిసెల్లాంటి వరస ఇళ్లలో ఉన్నారు. ఆ పేరును మురిపెంగా తలుచుకునేటప్పుడు ఈ రెండో సగాన్ని వదిలేయడం న్యాయం కాదు. కార్మికులు బంగారం దొంగిలిస్తారేమోనన్న అనుమానంతో తనిఖీలు, కట్టుబాట్లు ఉండేవి. 1930లో వేలిముద్రలతో నమోదు చేయించుకోవాలని పట్టుబట్టినప్పుడు వేల మంది పని ఆపి సమ్మె చేశారు. దేశ కార్మికోద్యమ చరిత్రలో అది గుర్తుంచుకోదగిన సమ్మె.

ఇంకొకటి సిలికోసిస్. పలుగురాయి ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే జబ్బు. దానికి నయం లేదు. రాక్ బరస్ట్ వార్త అవుతుంది, సిలికోసిస్ నిదానంగా ఇంటి మంచం మీద చంపుతుంది.

బంగారు గనిలో న్యూట్రినో ప్రయోగాలేమిటి?

అంతరిక్షం నుంచి వచ్చే కణాల్లో దాదాపు అన్నింటినీ మందమైన రాతి పొర ఆపేస్తుంది. న్యూట్రినోలను మాత్రం ఆపలేదు. అందుకే వాటిని పట్టుకోవాలంటే లోతైన గని కావాలి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ శాస్త్రవేత్తలు 1950ల మొదట్లోనే కేజీఎఫ్‌లో విశ్వకిరణాలను కొలవడం మొదలుపెట్టారు. 1965లో జపాన్‌లోని ఒసాకా, ఇంగ్లండ్‌లోని డర్హమ్ విశ్వవిద్యాలయాల వారితో కలిసి, చాంపియన్ రీఫ్ గని హీత్‌కోట్ షాఫ్ట్ దగ్గర సుమారు 2.3 కిలోమీటర్ల లోతున, వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను గుర్తించారు. అదే ఏడాది దక్షిణాఫ్రికా గనిలో మరో బృందమూ గుర్తించింది. ప్రపంచంలో ఈ రెండే మొదటివి. 1980ల్లో ప్రోటాన్ క్షయం (ప్రోటాన్ దానంతటదే విరిగిపోవడం) కోసం వెతికిన ప్రయోగం కూడా ఇక్కడే జరిగింది.

గనితో పాటు ఆ ప్రయోగశాలా పోయింది. అంత లోతైన చోటు మన దేశ శాస్త్రానికి మళ్లీ దొరకలేదు.

గని ఎందుకు మూసేశారు? బంగారం అయిపోయిందా?

బంగారం అయిపోలేదు, తవ్వడం గిట్టుబాటు కాకుండా పోయింది. 1956లో మైసూరు రాష్ట్ర ప్రభుత్వం గనులను కంపెనీల నుంచి తీసుకుంది. 1962లో కేంద్రం చేతికి వెళ్లాయి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ సంస్థ ఏర్పడింది. జాతీయం చేసే నాటికే మంచి ఖనిజమంతా పైకి వచ్చేసింది. మిగిలింది పలచటిది, లోతైనది. ఒక్కో టన్నుకు నీళ్లు తోడాలి, గాలి చల్లబరచాలి, స్టోపులు నింపాలి, రెండు మూడు దశల్లో పైకి లాగాలి. ఖర్చు అలాగే ఉంటుంది, వచ్చే గ్రాములు తగ్గుతుంటాయి.

2001 ఫిబ్రవరి 28న గనులు మూసేశారు. అప్పుడు అంతర్జాతీయ మార్కెట్లో ఔన్సు బంగారం 270 డాలర్ల చుట్టూ ఉంది. ఆ తర్వాత పదేళ్లలో ధర ఎన్నో రెట్లు పెరిగింది. ధర బాగా అడుగంటిన వేళ గని మూతపడింది. ఇది తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. ఊరు ఊరంతా ఆధారపడిన గని అది. మూతపడ్డాక వేల మంది తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి వెళ్లడం మొదలుపెట్టారు.

మళ్లీ తెరుస్తారా?

లోతు గనుల సంగతి కష్టం. పంపులు ఆగిన మరుక్షణం నుంచి గని నీళ్లతో నిండుతూ వచ్చింది. ఆ నీళ్లు తోడడం, ఇరవై ఏళ్లకు పైగా నానిన షాఫ్టులను బాగుచేయడం, రాక్ బరస్టు ప్రమాదాన్ని మళ్లీ నెత్తికెత్తుకోవడం, ఇవన్నీ చేయాలంటే కింద మిగిలిన ఖనిజం చాలా గొప్పదై ఉండాలి. నా ఉద్దేశంలో మూడు కిలోమీటర్ల లోతుకు మనుషుల్ని మళ్లీ దింపాల్సిన అవసరం లేదు. ఆశ ఉన్నది పైనున్న దిబ్బల మీద.

ఆ సైనైడ్ దిబ్బలు ఏమిటి? ప్రమాదమా?

బంగారం తీశాక మిగిలిన రాతి పొడిని పోసిన గుట్టలు. మొత్తం 13 దిబ్బలు, సుమారు 3 కోట్ల 30 లక్షల టన్నులు. కొత్తవాళ్లు దూరం నుంచి చూసి సహజమైన కొండలనుకుంటారు. పాత మిల్లులు బంగారాన్ని పూర్తిగా రాబట్టలేకపోయాయి కాబట్టి ఇందులో ఇంకా టన్నుకు గ్రాము లోపు బంగారం ఉంది. విలువ తక్కువే అనిపించవచ్చు, కానీ ఈ రాయిని తవ్వనక్కర్లేదు, పైకి లాగనక్కర్లేదు, దంచనక్కర్లేదు. ఆ ఖర్చులన్నీ వందేళ్ల కిందటే అయిపోయాయి. వీటి నుంచి బంగారం తీసే ప్రతిపాదనకు 2024లో కర్ణాటక మంత్రివర్గం ఒప్పుకుంది.

ప్రమాదం విషయానికొస్తే, పేరు చూసి అందరూ సైనైడ్‌కే భయపడతారు. అది ఎండకు, గాలికి క్రమంగా విరిగిపోతుంది. అసలు బెడద సన్నటి ధూళి. గాలి వీచే రోజుల్లో అది ఇళ్లలోకి, గిన్నెల్లోకి, ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. ఆర్సెనోపైరైట్ ఉన్న పొడిలో ఆర్సెనిక్ కూడా ఉంటుంది. వానకు ఆ పొడి కొట్టుకుపోయి పొలాల్లో, చెరువుల్లో చేరుతుంది. దిబ్బలను తిరగతోడాలంటే ముందు ధూళిని ఎలా అదుపు చేస్తారో, మిగిలే కొత్త పొడిని ఎక్కడ భద్రంగా పోస్తారో అక్కడి జనానికి చెప్పి తీరాలి.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ బంగారం కొనసాగింపు ఉందా?

ఉంది. కోలార్ శిస్ట్ పట్టీ రాష్ట్రాల సరిహద్దు దగ్గర ఆగదు కదా. దక్షిణ కొస చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోకి వస్తుంది. చిగురుగుంట, బిసానత్తం గనులు అక్కడివే. వాటినీ భారత్ గోల్డ్ మైన్స్ సంస్థే నడిపింది, 2001లో కేజీఎఫ్‌తో పాటే మూతపడ్డాయి. తర్వాత చిగురుగుంట–బిసానత్తం బ్లాకును వేలం వేస్తే కేంద్ర ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ దక్కించుకుంది.

అనంతపురం ప్రాంతంలోని రామగిరి, కర్నూలు జిల్లా జొన్నగిరి వేరే శిస్ట్ పట్టీల్లోవి. పుట్టుక తీరు మాత్రం ఇలాంటిదే. రాయచూరు జిల్లాలోని హట్టి గని కూడా అంతే, అది ఇప్పటికీ నడుస్తోంది.

ఇప్పుడు వెళ్తే ఏం చూడవచ్చు?

గనిలోకి దిగనివ్వరు, దిగడానికి వీలూ లేదు. పైన షాఫ్టుల ఇనుప గోపురాలు, పాత బంగళాలు, చర్చిలు, కార్మికుల వరస ఇళ్లు, దిబ్బలు కనిపిస్తాయి. చాలా చోట్లకు అనుమతి కావాలి కాబట్టి కంచె దాటి వెళ్లకండి. పాత గుంతలు, తెరిచి ఉన్న బావులు నిజంగా ప్రమాదకరం. దిబ్బల మీదికి పిల్లల్ని ఎక్కించకండి. అక్కడ పెరిగిన పెద్దవాళ్లు ఎవరైనా కలిస్తే మాత్రం కాసేపు కూర్చోండి. ఏ షాఫ్ట్‌లో ఏ లెవల్‌కు దిగేవారో, పంజరం కదలగానే చెవులు ఎలా మూసుకుపోయేవో వాళ్లే చెప్తారు.